చేతిరాత తరహా శీర్షికాక్షరాలు

రోజువారీ చేతిరాతను పోలి, పెద్ద సైజులో చూపడానికి తయారైన అచ్చక్షరాలను క్యాజువల్ స్క్రిప్టులు అంటారు. సినిమా పోస్టరు మీద పేరు, బేకరీ బోర్డు, వారపత్రికలో కథ శీర్షిక, పాటల క్యాసెట్టు అట్ట, పుట్టినరోజు పిలుపు కార్డు, సబ్బు పెట్టె ఇవి కనిపించే చోట్లు. నవల మొత్తాన్ని వీటితో అచ్చువేయరు. వేస్తే రెండో పేజీకే కళ్లు అలసిపోతాయి. నాలుగైదు మాటల్లో ఒక మనిషి గొంతు వినిపించాలి, అంతవరకే వీటి పని.

చేతిరాతను అచ్చులోకి తేవడంలో మొదటి నుంచీ ఒక చిక్కు ఉంది. ఒకే పేజీలో చేత్తో పది ‘అ’లు రాస్తే పదీ పది రకాలుగా పడతాయి. పక్కనున్న అక్షరాన్ని బట్టి, చేతి వేగాన్ని బట్టి, పాళీలో మిగిలిన సిరాను బట్టి రూపం మారుతుంది. అచ్చులో ‘అ’ను ఒకసారి పోతపోశాక ఎన్నిసార్లు వాడినా అదే ‘అ’. కాబట్టి చేతిరాతను నటించే అచ్చు, రెండో మాటలోనే దొరికిపోయే ప్రమాదం ఉంది. సీసపు అచ్చుల కాలంలోనూ, ఫొటో కంపోజింగ్ కాలంలోనూ, కంప్యూటర్ కాలంలోనూ అక్షరశిల్పులు ఈ చిక్కుకు వేరువేరు జవాబులు వెతికారు. సీసంలో వచ్చిన జవాబుల్లో అన్నిటికన్నా గట్టిది 1953లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరం నుంచి వెలువడిన మిస్ట్రాల్. ఈ వ్యాసంలో దానికి ఎక్కువ చోటు ఇవ్వడానికి కారణం అదే.

లక్షణాలు

చేతిరాత తరహా అచ్చుల్లో రెండు పెద్ద తెగలున్నాయి. ఒకటి లాంఛనమైనది: సన్నపాళీతో, ఒత్తిడిని అదుపులో పెట్టుకుని, ఒంపులన్నీ ఒకే వాలులో సాగే రాత. యూరప్‌లో పెళ్లి పత్రికల మీద, బ్యాంకు పత్రాల మీద కనిపించే అక్షరాలు ఈ తెగవి. రెండోది లాంఛనం లేనిది. దీని వెనుక బద్దకుంచె, మార్కర్, బాల్‌పెన్, సుద్దముక్క, ఏదైనా ఉండవచ్చు. గీత అంచులు గరుకుగా ఉండవచ్చు, అక్షరాలు గీత మీద ఒకే మట్టంలో నిలబడకపోవచ్చు, ఒక అక్షరం పొడుగ్గా పక్కది పొట్టిగా ఉండవచ్చు. అక్షరాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉండాలన్న నియమం కూడా లేదు. రోమన్ లిపిలో కలిపిరాసే శైలులూ ఉన్నాయి, విడివిడిగా రాసేవీ ఉన్నాయి; రెండూ ఈ కుటుంబానివే.

ఫ్రెంచి టైపోగ్రఫీ పండితుడు మాక్సిమిలియన్ వోక్స్ 1954లో ప్రతిపాదించిన వర్గీకరణలో చేతిరాత సంబంధమైనవి రెండు వర్గాలుగా కనిపిస్తాయి. పాళీతో రాసినట్టు సాగిపోయే రాతలను ఒక వర్గంలోనూ, చేత్తో గీసినట్టున్నా విడిగా నిలబడే అక్షరాలను ఇంకో వర్గంలోనూ ఆయన పెట్టాడు. అంతర్జాతీయ టైపోగ్రఫీ సంఘం ఏటైపై 1962లో ఈ పద్ధతిని స్వీకరించింది. వర్గీకరణగా ఇది ఉపయోగకరమే గానీ, లాంఛనానికీ తీరికకూ మధ్య తేడాను పట్టించుకోదు. చూసేవాడికి మొదట తెలిసేది మాత్రం ఆ తేడానే.

అచ్చక్షరానికీ చిత్రించిన అక్షరానికీ మధ్య తేడాను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కోకాకోలా పేరును 1886లో ఫ్రాంక్ రాబిన్సన్ ఆనాటి అమెరికన్ గుమస్తాల రాతలో రాశాడు. అది ఫాంటు కాదు. ఆ ఒక్క మాట కోసం, ఆ వరసలో వచ్చే అక్షరాల కోసం గీసిన బొమ్మ. చిత్రకారుడికి తన ముందున్న మాట తెలుసు. రెండు ‘సీ’లు వస్తే ఒకదాని తోకను సాగదీసి రెండోదాన్ని కుదించగలడు. ఫాంటు చేసేవాడికి ఏ మాట రాబోతోందో తెలియదు. చిన్నబడి రోమన్ అక్షరాలు 26 అయితే, వాటిలో ఏ రెండైనా పక్కపక్కన పడవచ్చు. అంటే 676 జంటలు. కలిపిరాత ఫాంటులో ఆ జంటలన్నీ అతుకు కనబడకుండా కలవాలి.

తొలి ప్రయత్నాలు

వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ 1501లో వర్జిల్ కావ్యాలను ఇటాలిక్ అచ్చులో వేశాడు. ఆ అచ్చులు చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. అవి ఆనాటి పండితుల వాలు రాతకు నకళ్లే. అయితే క్రమంగా పుస్తకపు అచ్చులో భాగమైపోయి, చేతిరాత అన్న గుర్తు పోగొట్టుకున్నాయి. మామూలు జనం రాసే రాతను నిజంగా అచ్చుకెక్కించాలని పూనుకున్నవాడు రోబేర్ గ్రాంజాన్. 1557లో లియాన్ నగరంలో అతను ఫ్రెంచివాళ్ల దైనందిన గొలుసురాతను లోహంలో చెక్కాడు. పిల్లలకు మర్యాదలు నేర్పే పుస్తకాలు ఆ అక్షరాల్లో అచ్చయినందువల్ల తరువాత దానికి సివిలిటే అన్న పేరు స్థిరపడింది. ఒకే అక్షరానికి మాట మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒకటి, చివర తోకతో ఇంకొకటి అతను చేసిపెట్టాడు. చేతిరాత ఒకేలా ఉండదన్న సంగతిని లోహంలో ఒప్పుకున్న తొలి పనుల్లో ఇది ఒకటి. కాకపోతే కంపోజిటర్‌కు ఇది నరకం. ప్రతి అక్షరానికీ ఏ గూట్లోంచి ఏ రూపం తీయాలో ఆలోచిస్తూ కూర్చుంటే పని సాగదు.

19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో పారిస్‌లో ఫిర్మిన్ దీదో ఇంకో సమస్యను పట్టుకున్నాడు. సీసపు అచ్చు నలుచదరపు దిమ్మ. వాలురాతలో అక్షరం తల దిమ్మ అంచు దాటి పక్కకు వంగుతుంది. దాటిన ముక్కకు కింద ఆధారం లేక ప్రెస్సు ఒత్తిడికి విరిగిపోతుంది. దీదో దిమ్మనే వాలుగా పోయించి, ఒకదానిలో ఒకటి ఇమిడేలా చేశాడు. ఫలితం చాలా అందంగా వచ్చింది. అయితే అది పూర్తిగా లాంఛనపు రాత. అందులో చేతి తొందర ఎక్కడా లేదు.

బోర్డు రాసేవారు, ప్రకటనలు

తీరుబడి రాతకు గిరాకీ తెచ్చింది వ్యాపార ప్రకటన. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అమెరికాలో దుకాణాల కిటికీల్లో పెట్టే ధరల కార్డులను బోర్డు రాసేవారు బద్దకుంచెతో ఒక్కో దెబ్బకు ఒక్కో గీత చొప్పున చకచకా రాసేవారు. ఆ వేగం వల్ల అక్షరానికి ఒక చనువు వచ్చింది. పత్రికా ప్రకటనల వాళ్లు ఆ చనువు తమకూ కావాలనుకున్నారు. శీర్షికలకు అచ్చుల బదులు చిత్రకారులను పిలవడం మొదలైంది. టైపు ఫౌండ్రీలకు ఇది నేరుగా తగిలిన దెబ్బ. చిత్రకారుడి చేతిని పోలిన అచ్చులు అమ్మడమే వాటికి మిగిలిన దారి అయింది.

బెర్లిన్‌లోని బెర్తోల్డ్ ఫౌండ్రీ 1931లో వాల్టర్ వేగె గీసిన సిగ్నల్‌ను విడుదల చేసింది. అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థకు మాక్స్ కాఫ్‌మన్ 1936లో తన పేరుతోనే ఒక కలిపిరాత గీసిచ్చాడు. అందులో గీత మందం మొదటి నుంచి చివరి వరకూ ఒకటే. 1942లో అదే సంస్థకు రాబర్ట్ స్మిత్ బ్రష్ స్క్రిప్ట్ చేశాడు. దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ చేరిపోయినందువల్ల ఈనాటికీ ఎక్కువమందికి తెలిసిన కుంచెరాత అదే. 1951లో పీటర్ డాంబ్రెజియన్ గీసిన డామ్ క్యాజువల్ మాత్రం కలిపిరాత కాదు. విడివిడి అక్షరాలే అయినా కుంచె పైకెత్తిన ఊపు ప్రతి దానిలోనూ ఉంటుంది. అతుకుల సమస్యను అది తప్పించుకుంది, పరిష్కరించలేదు.

మిస్ట్రాల్

మిస్ట్రాల్‌ను గీసిన రోజే ఎక్స్‌కొఫాన్ 1910లో మార్సెయ్‌లో పుట్టాడు. ఎక్సాన్ ప్రావెన్స్‌లో న్యాయశాస్త్రం చదివి, బొమ్మలు వేయాలన్న కోరికతో పారిస్ చేరాడు. మార్సెయ్‌లో ఒలీవ్ కుటుంబం నడిపే టైపు ఫౌండ్రీతో అతనికి బంధుత్వం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ ఫౌండ్రీకి కళా దర్శకుడయ్యాడు. పారిస్‌లోని డెబెర్నీ – పేన్యో ఫౌండ్రీ అప్పటికి ఫ్రాన్స్‌లో పెద్దది. దక్షిణాది ఫౌండ్రీ దానికి ఎదురునిలవాలంటే పుస్తకాల అచ్చులు చేస్తే చాలదు. వీధిలో కళ్లు తిప్పించే అచ్చులు కావాలి. ఎక్స్‌కొఫాన్ వరసగా అలాంటివే ఇచ్చాడు. 1951లో రేకు కత్తిరించినట్టుండే బాంకో, 1953లో మిస్ట్రాల్, 1955లో దళసరి కుంచెతో చరిచినట్టున్న షోక్, 1956లో సొగసైన ఒంపుల డియాన్, 1958లో చుక్కల నీడలతో మలిచిన కాలిప్సో.

దక్షిణ ఫ్రాన్స్‌లో రోన్ లోయ వెంబడి సముద్రం వైపు వీచే చలిగాలి పేరే మిస్ట్రాల్. అచ్చుకు ఆధారం ఎక్స్‌కొఫాన్ సొంత చేతిరాత. దాన్ని తీసుకెళ్లి అచ్చు పోయించడంతో పని అయిపోలేదు. అతను ముందు రెండు విషయాలు తేల్చుకోవాల్సి వచ్చింది.

మొదటిది అతుకు. సీసంలో ప్రతి అక్షరం విడి దిమ్మ. కలిపిరాతలో ఒక అక్షరపు చివరి గీత దిమ్మ కుడి అంచును ఏ ఎత్తులో తాకుతుందో, తరువాతి అక్షరపు మొదటి గీత ఎడమ అంచును ఆ ఎత్తులోనే తాకాలి. నున్నటి గీతల ఫాంటులో వెంట్రుకవాసి తేడా వచ్చినా మెట్టులా కనబడుతుంది. దిమ్మలు అరిగినకొద్దీ మెట్లు పెరుగుతాయి. మిస్ట్రాల్‌లో గీత అంచు నున్నగా ఉండదు. కలం కాగితం మీద కొంచెం పొడిగా ఈడ్చినట్టు, మందం చిన్నచిన్నగా పెరిగి తరుగుతూ ఉంటుంది. ఎగుడుదిగుడు ముందే గీతలో ఉన్నందువల్ల అతుకు దగ్గర వచ్చే కొద్దిపాటి తేడా అందులో కలిసిపోతుంది. లోపాన్ని దాచడానికి శైలినే సాధనం చేసుకున్నాడు. పోత పోసే లోహం స్వభావం తెలియనివాడు ఈ పని చేయలేడు.

రెండోది పునరుక్తి. ఒకే ‘ఈ’ అదే మాటలో మూడుసార్లు వస్తే చదివేవాడు పట్టుకుంటాడు. గ్రాంజాన్ లాగా అక్షరానికి నాలుగు రూపాలు ఇస్తే ప్రెస్సులు కొనవు. ఎక్స్‌కొఫాన్ అక్షరాల సంఖ్య పెంచలేదు, వాటి మధ్య వైవిధ్యం పెంచాడు. కొన్ని అక్షరాలు పొట్టివి, కొన్ని కొంచెం పైకి లేచినవి. కొన్నిటి తోక ఆధారరేఖను దాటి కిందికి దిగుతుంది. వరసగా పేర్చినప్పుడు మాట పైఅంచు, కిందిఅంచు ఎగసిపడే రేఖలవుతాయి. కన్ను ఒక్కో అక్షరం దగ్గర ఆగదు, మాట మొత్తం ఆకారాన్ని పట్టుకుంటుంది. మాటల ఆకారాలు వేరువేరు కాబట్టి, లోపల అక్షరాలు మళ్లీ వచ్చినా స్ఫురించదు. పెద్దబడి అక్షరాలను మాత్రం అతను కలపలేదు. మాట మొదట్లో వాటిని స్వేచ్ఛగా నిలబెట్టాడు.

ఫలితం వెంటనే తెలిసింది. ఆమ్‌స్టర్‌డామ్ టైపు ఫౌండ్రీ 1955లో మిస్ట్రాల్‌ను తన జాబితాలో చేర్చుకుంది. ఫ్రాన్స్‌లో రొట్టెల దుకాణాలు, క్షౌరశాలలు, చిన్న హోటళ్లు దాన్ని బోర్డుల మీదికి ఎక్కించాయి. పాత ఫ్రెంచి పట్టణాల్లో నడిస్తే ఎక్స్‌కొఫాన్ అక్షరాల బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి. మిస్ట్రాల్‌కే బొద్దు రూపం కావాలని మొదలుపెట్టిన పని దారి మారి, షోక్ అనే వేరే అచ్చుగా తేలింది. తరువాత అతను చేసిన ఆంటీక్ ఒలీవ్ నిలువు అక్షరాల కుటుంబం ఎయిర్ ఫ్రాన్స్ గుర్తుకు ఆధారమైంది. 1968 గ్రెనోబుల్ శీతాకాల ఒలింపిక్స్ చిహ్నం కూడా అతనిదే. 1978లో ఒలీవ్ ఫౌండ్రీ స్విట్జర్లాండ్‌కు చెందిన హాస్ చేతికి వెళ్లింది. 1983లో ఎక్స్‌కొఫాన్ మరణించాడు.

మిస్ట్రాల్ మాత్రం ఫౌండ్రీతో పోలేదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో కలిసి కోట్ల కంప్యూటర్లలో చేరింది. 2011లో నికొలస్ వైండింగ్ రెఫ్న్ తీసిన ‘డ్రైవ్’ సినిమాలో పేర్లన్నీ గులాబీ రంగు మిస్ట్రాల్‌లో పడ్డాయి. రాత్రిపూట లాస్ ఏంజెలిస్ వీధుల మీద ఆ అక్షరాలను చూసిన ఒక కొత్త తరం దాన్ని మళ్లీ పోస్టర్లకు ఎక్కించింది. 1950ల మార్సెయ్ నాటి చేతిరాత అమెరికన్ నేరకథకు అంత సహజంగా అమరడం, ఆ గీతలో ఉన్న ప్రాణానికి సాక్ష్యం.

ఫొటో, రుద్దుడు అక్షరాలు

ఎడ్ రోండ్‌థేలర్ భాగస్వామిగా 1936లో న్యూయార్క్‌లో మొదలైన ఫొటో–లెటరింగ్ సంస్థ అక్షరాలను ఫిల్ము మీద నుంచి కాగితం మీదికి వేసేది. దిమ్మ లేదు కాబట్టి అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కవచ్చు, తోకలు ఎంత పొడుగైనా సాగవచ్చు. దీదో పడిన పాట్లు ఒక్కసారిగా తీరిపోయాయి. 1959లో లండన్‌లో పుట్టిన లెట్రాసెట్ మరో అడుగు వేసి, ప్లాస్టిక్ రేకు మీది అక్షరాన్ని పెన్సిల్ మొనతో కాగితం మీదికి రుద్దుకునే వీలు కల్పించింది. మార్టిన్ వెయిట్ 1981లో చేసిన ఫ్రీస్టైల్ స్క్రిప్ట్ ఆ కాలపు అక్షరమే. ఈ దశలో ఫాంట్ల సంఖ్య విపరీతంగా పెరిగింది, ఆలోచన అంతగా పెరగలేదు.

కంప్యూటర్

1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొనారె కామిక్ శాన్స్ గీశాడు. పిల్లలకూ కొత్తవారికీ ఉద్దేశించిన ఒక సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ కుక్క మాట్లాడే బుడగలో టైమ్స్ న్యూ రోమన్ ఉండటం అతనికి నచ్చలేదు. కామిక్ పుస్తకాల్లో చేత్తో రాసే అక్షరాలను చూసి దీన్ని చేశాడు. ఆ సాఫ్ట్‌వేర్‌కు అందకపోయినా విండోస్ 95తో వచ్చిన అదనపు ప్యాక్‌లో చేరి, ప్రపంచమంతా పాకింది. బడి నోటీసుల నుంచి ఆసుపత్రి హెచ్చరికల దాకా అన్నిటికీ వాడేశారు. 2012 జులై 4న సెర్న్‌లో హిగ్స్ బోసాన్ ఆవిష్కరణను వివరించిన తెరల్లో కూడా అదే కనిపించి పెద్ద చర్చ లేచింది. తప్పు అక్షరానిది కాదు. బుడగలో నాలుగు మాటల కోసం పుట్టినదాన్ని పేజీల కొద్దీ పాఠానికి వాడటం వల్ల వచ్చిన చెడ్డపేరు అది.

అసలు సమస్య మీద కొత్త ఆలోచన నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. ఎరిక్ వాన్ బ్లాక్‌లాండ్, యుస్ట్ వాన్ రోసుమ్ అనే ఇద్దరు యువకులు 1990ల మొదట్లో తమ చేతిరాతలను ఏ ముస్తాబూ లేకుండా ఫాంట్లుగా మార్చారు. ఒకరిది కుడిచేతి రాత, ఇంకొకరిది ఎడమచేతి రాత. అచ్చు వేసిన ప్రతిసారీ అక్షరపు అంచులు మారిపోయే బేవోల్ఫ్ కూడా వీరిదే. అక్షరం బొమ్మ మాత్రమే కాదు, ప్రోగ్రాం కూడా అని చూపిన పని అది.

1996లో మైక్రోసాఫ్ట్, అడోబి కలిసి ప్రకటించిన ఓపెన్‌టైప్ ఈ ఆలోచనను అందరికీ అందించింది. ఫాంటులో ఒక అక్షరానికి మూడు నాలుగు రూపాలు ఉంచవచ్చు. ముందు వెనుకల ఏ అక్షరం ఉంది, ఇదే అక్షరం ఇప్పుడే వచ్చిందా అని చూసి ఏ రూపం వాడాలో ఫాంటే నిర్ణయిస్తుంది. గ్రాంజాన్ కంపోజిటర్ మీద మోపిన భారాన్ని ఇక్కడ నియమాలు మోస్తాయి. అండర్‌వేర్ అనే బృందం 2009లో విడుదల చేసిన లైజా ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. టైపు చేస్తున్నకొద్దీ వెనుక పడిన అక్షరాలు కూడా సర్దుకుంటాయి. 2010లో పాబ్లో ఇంపాలరీ చేసిన లాబ్‌స్టర్, తరువాత వెర్నన్ ఆడమ్స్ చేసిన పసిఫికో ఉచితంగా అందుబాటులోకి వచ్చి, ప్రపంచంలోని కాఫీ దుకాణాల బోర్డులన్నీ ఒకే చేతితో రాసినట్టు కనబడేంతగా వ్యాపించాయి.

తెలుగులో

రోమన్ లిపికి కుదిరిన పరిష్కారాలు తెలుగుకు యథాతథంగా కుదరవు. మన అక్షరాలు మామూలుగా పక్క అక్షరంతో గొలుసు కట్టవు, కాబట్టి అతుకు బాధ లేదు. దాని స్థానంలో నిలువు పేర్పు ఉంది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో మూడు హల్లులూ గుడి దీర్ఘమూ ఇమడాలి. చేత్తో రాసేవాడు ఒత్తును ఎక్కడ వేయాలో అక్కడికక్కడే తేల్చుకుంటాడు: పక్కన చోటుంటే కుడికి జరుపుతాడు, కింది వరుస దగ్గరైతే కుదిస్తాడు, తీరికగా ఉంటే తోక సాగదీస్తాడు. ఫాంటులో ఒత్తు ప్రతిసారీ ఒకే చోట, ఒకే కొలతతో పడుతుంది. తెలుగు చేతిరాత ఫాంటు నకిలీ అని మొదట చెప్పేసేవి ఒత్తులే.

తలకట్టు ఇంకో సంగతి. పుస్తకపు అచ్చులో తలకట్లన్నీ ఒకే కోణంలో, ఒకే పొడవులో ఉంటాయి. చేతిరాతలో మనిషి గుర్తు ఎక్కువగా తలకట్టులోనే ఉంటుంది. కొందరు పొడవుగా గాలిలోకి విసురుతారు, కొందరు అక్షరంలోనే కలిపేస్తారు. కుంచెరాతలో స్పష్టత పెద్ద పరీక్ష కూడా. ద–ధ, డ–ఢ, చ–ఛ మధ్య తేడా కింది చిన్న గీత ఒక్కటే. దళసరి కుంచె ఆ గీతను మింగేస్తే మాట అర్థమే మారిపోతుంది. ప, వ, మ, య లను కూడా తొందరలో ఒకదానికొకటి దగ్గరగా రాస్తాం. తీరుబడి చూపాలన్న ఉత్సాహంలో చదవడం కష్టమైతే శీర్షిక దండగ.

మనకు ఫాంట్లు తక్కువున్న రోజుల్లో చిత్రించిన అక్షరాలే ఈ అవసరం తీర్చాయి. బాపు (1933–2014) పత్రికల్లో శీర్షికలకూ పుస్తకాల అట్టలకూ రాసిన అక్షరాలను తెలుగు పాఠకుడు సంతకం లేకపోయినా పోల్చుకుంటాడు. సినిమా ప్రచార చిత్రకారుడు ఈశ్వర్, బాపు తొలి చిత్రం ‘సాక్షి’ (1967) మొదలుకొని దశాబ్దాల పాటు సినిమా పేర్లకు రూపాలిచ్చాడు. గుడ్డ బ్యానర్ల మీద, గోడల మీద, లారీల వెనుక రాసిన వందలాదిమంది పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. ఫ్లెక్సీ వచ్చాక వారిలో చాలామందికి పని పోయింది. తెలుగు అక్షరకళకు ఇది నిజమైన నష్టం. ఆ చేతుల్లో ఉన్న తెలివి ఏ పుస్తకంలోనూ లేదు.

బాపు రాత ఆధారంగా కంప్యూటర్ ఫాంట్లు వచ్చి, శుభలేఖల్లో, పత్రికల్లో బాగా వాడుకలోకి వెళ్లాయి. ముందుతరం డీటీపీ ఫాంట్లు యూనికోడ్ పద్ధతిలో లేనందువల్ల, వాటితో కంపోజ్ చేసిన పాఠాన్ని కంప్యూటర్‌లో వెతకడం సాధ్యం కాదు. ఆ కొరత తీర్చడంలో సిలికానాంధ్ర సంస్థ చేసిన పని గుర్తుంచుకోదగింది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అది ఉచితంగా అందించిన యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటిలో అప్పాజీ అంబరీష దర్భా రూపొందించిన లక్కిరెడ్డి చేతిరాత ధోరణిలో సాగుతుంది. శీర్షికలకూ పోస్టర్లకూ ఆహ్వానాలకూ అనువైనది. ముంబయికి చెందిన ఎక్ టైప్ బృందం తమ బాలూ ఫాంటుకు తెలుగు రూపంగా బాలూ తమ్ముడును చేసింది. అది చేతిరాత కాదు గానీ, గుండ్రటి మెత్తని గీతల్లో అదే చనువు ఉంది. పొరుగున దేవనాగరికి ఇండియన్ టైప్ ఫౌండ్రీ చేసిన కలామ్, పెన్నుతో రాసిన మామూలు రాతను ఎంత చక్కగా అచ్చుకెక్కించవచ్చో చూపుతుంది.

సాంకేతికంగా తెలుగుకు ఒక అనుకూలత ఉంది. ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా పడాలంటే తెలుగు ఫాంటులో ఓపెన్‌టైప్ నియమాలు తప్పనిసరి. అంటే చుట్టుపక్కల అక్షరాలను చూసి రూపం మార్చే యంత్రాంగం ప్రతి తెలుగు ఫాంటులోనూ ఇప్పటికే పనిచేస్తోంది. అదే యంత్రాంగంతో రెండు రకాల తలకట్లు, మూడు చోట్ల పడే ఒత్తులు, మాట చివర సాగే దీర్ఘం చేర్చవచ్చు. శ్రమ ఎక్కువే, ఎందుకంటే తెలుగు ఫాంటుకు మామూలుగానే వందల రూపాలు గీయాలి. మిస్ట్రాల్ పద్ధతి ఇక్కడ దారి చూపుతుంది. అన్నిటికీ ప్రత్యామ్నాయాలు చేయకుండా, తరచుగా వచ్చే తలకట్టు, ల–న–త ఒత్తులు, కొమ్ములు, గుడులకు మాత్రమే చేసి, మిగతా అక్షరాల ఎత్తులను కొంచెం హెచ్చుతగ్గులుగా ఉంచితే చాలు.

తయారీ, వాడకం

ఫాంటు చేయాలంటే ముందు సాధనం ఎంచుకోవాలి. బద్దకుంచెకూ గుండ్రటి మార్కర్‌కూ ఒంపులే వేరు. విడి అక్షరాలు కాకుండా మాటలు, వాక్యాలు వందలుగా రాసి, వాటిలోంచి సహజంగా పడిన రూపాలు ఏరుకోవాలి. విడిగా రాసిన అక్షరంలో జాగ్రత్త కనబడుతుంది, చేతి నడక కనబడదు. స్కాన్ చేసిన రూపాల చుట్టూ కంప్యూటర్ తనంతట తాను గీసే గీతలో అనవసరమైన బిందువులు గుంపులుగా పడతాయి. వాటిని చేత్తో సరిచేయాలి. గరుకు ఎంత ఉంచాలన్నది పూర్తిగా చేసేవాడి వివేకం. పెద్ద బ్యానర్ మీద అందంగా కనిపించిన గరుకు, ఫోను తెర మీద మురికిలా కనిపించవచ్చు.

వాడేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. కలిపిరాత ఫాంటులో అక్షరాల మధ్య దూరం పెంచితే అతుకులన్నీ తెగిపోతాయి. రోమన్ స్క్రిప్టులో మాటంతా పెద్దబడి అక్షరాలతో రాయకూడదు. అవి మాట మొదట్లో నిలబడటానికే గీసినవి. తెలుగులో ఒత్తులకు చోటు వదలాలి. వరుసలు దగ్గరైతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. ఫ్లెక్సీలో చోటు నింపడానికి అక్షరాలను అడ్డంగా సాగదీసే అలవాటు పూర్తిగా మానాలి. సాగదీసినప్పుడు నిలువు గీతలు లావెక్కి, అడ్డగీతలు సన్నంగానే ఉండిపోతాయి. ఏ కుంచే అలా రాయదు. చోటు ఎక్కువుంటే ఖాళీగానే వదలాలి, లేదా సైజు పెంచాలి. చట్టపరమైన నోటీసులు, మందుల మోతాదులు, హెచ్చరికలు ఈ అక్షరాల్లో ఎప్పుడూ వేయకూడదు.

తెలుగులో ఈ శాఖకు ఇప్పుడు కావలసినది ముడిసరుకు. పాత సినిమా పోస్టర్లు, వారపత్రికల శీర్షికలు, ఊళ్లలో ఇంకా చెరిగిపోని గోడరాతలు, బోర్డులు దొరికినచోటల్లా మంచి వెలుతురులో ఫొటో తీసి, రాసినవారి పేరు తెలిస్తే పేరుతో సహా భద్రపరచండి. ఆ చిత్రకారులు జీవించి ఉంటే వెళ్లి కలిసి, వారి చేత మాటలు రాయించుకుని, వారి అనుమతితో, వారికి దక్కాల్సిన పారితోషికంతో ఫాంట్లు చేయండి.